పడవకి పోయిన మొగ్గలు

చిట్టమ్మకి మొదట దొరికింది ఒక్క ఆకే. తొంభై మూడులోనో నాలుగులోనో, వన్ టౌన్‌లో తను చేపలు పోసే ఇంటి భ్రమరాంబ గారు బ్రహ్మకమలం కొమ్మలు కత్తిరించి పారేస్తుంటే, ఒక ఆకు అడిగి తట్టలో వేసుకొచ్చింది. అది చెట్లకొమ్మల మీద బతికే జాతి అని, బంకమట్టిలో పాతితే వేరు కుళ్ళిపోతుందని ఆవిడే చెప్పారు. అందుకని చిట్టమ్మ చిరిగిన వలముక్కలో కొబ్బరిపీచు కుక్కి, అందులో ఆకు గుచ్చి, చూరుకి వేలాడదీసింది. పోర్టు బొగ్గుదుమ్ము ఆకుల మీద పేరుకోకుండా రోజూ తడిగుడ్డతో తుడిచేది. కన్నబిడ్డల మొహాలైనా అంత ఓపిగ్గా తుడిచిందో లేదో!

ఆ ఇంట్లో తనదంటూ ఇంకేముంది గనక? పుట్టింటి గొలుసు మొగుడు సూరన్న పడవ ఇంజనులోకి పోయింది. ఇత్తడి బిందె కూడా ఆ దారే పట్టింది. ఈ మొక్కతో పడవకేం పని అని ధీమాగా ఉండేది, పిచ్చి మనిషి.

కొన్నేళ్ళకి ఒక మొగ్గ వేసింది. అది ఒక్క రాత్రే పూస్తుందని తెలిసి, ఆ రాత్రి కోసం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. ఇంకో రెండు మూడు రోజుల్లో విచ్చుకుంటుందనగా, చేపలమ్ముకుని ఇంటికొచ్చేసరికి తొడిమే మిగిలింది. సూరన్న మొగ్గ కోసి, గంగమ్మకి దణ్ణం పెట్టి, పడవ ముందుకొమ్ముకి కట్టేశాడు.

"మల్లిమొగ్గలు కోసేక తల్లో ఇచ్చుకోవేటే? ఇదీ పడవ మీద ఇచ్చుకుంటాదిలే," అన్నాడు.

విచ్చుకోలేదు, వడిలిపోయింది. ఖర్మ కాకపోతే, ఆ వేటలోనే వల నిండా చందువా చేపలు పడ్డాయి. ఇంకేముంది, ఆ తర్వాత వేసిన ప్రతి మొగ్గా పడవకే.

"ఒక్కటైనా ఒగ్గేయ్ మావా, సూత్తాను," అని ఏటా బతిమాలేది.

"కూడెట్టే పడవ కన్నా నీకు పువ్వెక్కువేటి?" అని కసిరేవాడు.

ఎంత ఏడుపొచ్చినా ఆకులు తుడవడం మాత్రం మానలేదు.

రెండువేల ఐదులో పడవ పుచ్చి ఒడ్డున పడింది. సూరన్న ఇంటిపట్టున కూర్చున్నాడు. ఆ ఏడు మొగ్గనెవరూ కోయలేదు. అది పూసిన రాత్రి అతను గుమ్మం దగ్గర నిలబడి కేకేశాడు.

"సిట్టమ్మా, బేగి రాయే! ఎంత బాగుందో! ఇన్నాళ్ళూ సెప్పనేదేటే?"

వాసన ఇల్లంతా కమ్ముకుంటోంది. చిట్టమ్మకి ఒళ్ళు మండిపోయింది. చాప మీంచి లేవలేదు.

"నువ్వే సూసుకో మావా. నాకు తొడిమలే అలవాటైపోనాయి," అని గోడవైపు తిరిగి పడుకుంది.