గ్యాస్ అన్న మాట

తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల అత్యవసర బృందంలో చేరినప్పుడు నాకొక నారింజ రంగు జాకెట్ ఇచ్చారు. నిజం చెప్పాలంటే దానికోసమే చేరానేమో. ఆఫీసులో ఎవరూ నా మాట వినరు. ఇక్కడ ఆ జాకెట్ వేసుకుంటే సెక్యూరిటీ అతను కూడా లేచి నిలబడేవాడు. గ్యాస్ లీకైతే ఏం చేయాలో నాకు కంఠతా వచ్చు: కరెంటు ఆపాలి, లిఫ్టు జోలికి పోకూడదు.

ఒక శనివారం పదకొండింటికి ఇంటర్‌కమ్ మోగింది. తొమ్మిదో అంతస్తులో పనిచేసే ఆమె గొంతు.

"మేడమ్, గ్యాస్ మస్తు ఎక్కువైంది. సార్ లేస్తలేరు. జల్ది రాండ్రి!"

గ్యాస్ లీకే అనుకున్నాను. సెక్యూరిటీకి ఫోన్ చేసి మా బ్లాకు కరెంటు మొత్తం ఆపమన్నాను.

"జనరేటర్ గూడ బంద్ చెయ్యాల్నా మేడమ్?"

"చెప్పింది చెయ్యండి!" అని కసిరాను.

ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని మెట్లెక్కాను. ఎక్కడ నిప్పురవ్వ లేచినా అందరం పోతాం అనుకున్నాను.

తలుపు తీసే ఉంది. వాసన లేదు. సోఫాలో ఆయన చెమటతో తడిసి ముద్దై, ఛాతీ మీద చేయి వేసుకుని ఉన్నారు. భార్య ఆయన వీపు నిమురుతోంది.

"పొద్దున్నుంచీ గ్యాసేనండి. సోడా కూడా పట్టించాను," అంది.

ఈ గ్యాస్ ఆ గ్యాస్ కాదు. అసలు గ్యాసే కాదు, గుండెపోటు.

అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. లిఫ్టు కోసం కరెంటు వేయమని చెబుదామంటే సెక్యూరిటీ ఫోన్ ఎత్తడు. పనామెను కిందికి పరిగెత్తించాను. ప్యానెల్ గదికి తాళం వేసుకుని ఎలక్ట్రీషియన్ ఎటో వెళ్లాడట. ఇక్కడ సోఫాలో ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. అంత భయం నాకెప్పుడూ తెలియదు. చివరికి అంబులెన్స్ వాళ్లు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగానే దించారు. ఐదో అంతస్తులో తల వాలిపోయింది. అక్కడే పడుకోబెట్టి ఛాతీ నొక్కారు.

బతికారు. ఇంకాస్త ముందు తెచ్చుంటే గుండె ఇంత దెబ్బతినేది కాదని డాక్టరు అన్నారట. కరెంటు ఎవరు ఆపించారో సెక్యూరిటీ అతను ఎవరితోనూ అనలేదు. నేను కనిపిస్తే తల దించుకుంటాడు. ఎప్పుడు అంటాడోనని నాకు అన్నం సహించదు.

నెల తర్వాత ఆయన భార్య మా ఇంటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు తొమ్మిది అంతస్తులు ఎక్కి వచ్చారు, మీ మేలు మర్చిపోలేమండి. ఆ దిక్కుమాలిన కరెంటు సరిగ్గా అప్పుడే పోవాలా?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"అవునండీ," అన్నాను.