పసుపు పచ్చని పాప, గజంబద్ద దెబ్బలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. అమీర్‌పేట మెట్రో కింద ఆటో దొరకడానికి పది నిమిషాలు పడితే ఇంటికొచ్చి గంటన్నర అంటాను. కుక్క మొరిగితే కరిచిందంటాను. నిజంగా కరిస్తే మాత్రం, సూదికి భయపడి, మొరిగిందంతే అంటాను. మా ఆవిడ నేను చెప్పే ప్రతి సంగతినీ నాలుగుతో భాగించి నమ్ముతుంది. మీరూ అదే పద్ధతి పాటించండి. ఎంత భాగించినా ఇందులో కాస్త రక్తం మిగులుతుంది.

సూదికి భయపడే నేను నర్సుని. అందులోనూ మగ నర్సుని. కాన్పై ఇంటికొచ్చిన తల్లినీ బిడ్డనూ ఇంటికెళ్లి చూసి రావడం నా ఉద్యోగం. ఎస్.ఆర్. నగర్ నుంచి పంజాగుట్ట దాకా నా రాజ్యం. తలుపు తీసిన ప్రతి ముసలమ్మా నర్సమ్మ ఏదని నా వీపు వెనక్కి చూస్తుంది. తల్లి కుట్లు చూడటానికి సిస్టర్ వేరే వస్తుందనీ, బిడ్డ బరువు, తల్లి బీపీ, పాల సంగతి నా వంతనీ గడప బయటే నిలబడి ప్రమాణం చేయాలి.

పౌడరు వాసన, జోలపాట, మెత్తని ఉద్యోగం అనుకుంటారు జనం. బాలింత ఇంటిని మించిన యుద్ధభూమి లేదు. బిడ్డకు పేరు పెట్టే దగ్గర ఇద్దరు వియ్యపురాళ్లు విసురుకున్న స్టీలు పళ్లెం నా చెవి పక్క నుంచి వెళ్లి ఫ్రిజ్‌కు సొట్ట పెట్టింది. పసిదాని ముక్కులో నూనె పోయొద్దన్నందుకు ఒకావిడ నన్ను చీపురుతో రెండంతస్తులు తరిమింది. ఆ మెట్లను రెండు వందలు అనుకోండి.

ఇప్పుడు చెప్పబోయే ఇల్లు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంది. కింద టైలరింగ్ షాపు, పైన రెండు గదులు. మధ్యలో మెట్లు ఎంత ఇరుకంటే, ఊపిరి పీల్చుకుని ఎక్కకూడదు, వదిలేసి ఎక్కాలి. మగ్గాలు ఆగిపోయాక ఊరొదిలి వచ్చిన కుటుంబం. అమ్మమ్మ, ఆమె కొడుకు, తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన కూతురు. కొడుకు కింద షాపు నడుపుతాడు. అల్లుడు పంజాగుట్టలో ఫోన్లు రిపేరు చేస్తాడు. రోజూ మధ్యాహ్నం అన్నానికి ఇక్కడికే వచ్చి బిడ్డను చూసుకుని పోతాడు.

పాప పుట్టిన మూడో రోజు నేను మొదటిసారి వెళ్లాను. వెళ్లేసరికి అమ్మమ్మ స్నానం పోస్తోంది. పోస్తోంది అనడం మర్యాద. కాళ్లు చాపుకుని కూర్చుంది. పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుంది. నువ్వుల నూనె, సెనగపిండి, పసుపు కలిపి ఆ అరచేతులతో రుద్దుతోంది. నలభై ఏళ్లు మగ్గం లాగిన చేతులవి. వీపు మీద ఒకటి చరిచింది. వెల్లకిలా తిప్పింది. ముక్కు సాగదీసింది. చెంబుతో వేడి నీళ్లు దిమ్మరించింది. పోలీసు స్టేషన్లో ఇంతకంటే నెమ్మదిగా విచారిస్తారు. పాప మాత్రం పెద్దగా ఏడవలేదు. ఒళ్లంతా పసుపు పచ్చగా మెరిసిపోతోంది.

"గిట్ల పచ్చగున్నదేందమ్మా?" అని అడిగాను.

"పసుపు సారు. ఇంటికొచ్చిన సంది రాస్తున్న. మా ఇండ్లల్ల గంతే," అంది అమ్మమ్మ.

సరే అన్నాను. బరువు తూచి, కాగితంలో టిక్కులు పెట్టుకుని వచ్చేశాను.

ఆరో రోజు మళ్లీ వెళ్లాను. పాప పడుకుని ఉంది. తల్లి గోడకు ఆనుకుని, పొద్దుటి నుంచి లేపినా లేవడం లేదనీ, రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి వదిలేస్తోందనీ చెప్పింది. గుడ్డ విప్పాను. అరికాళ్లు పచ్చగా ఉన్నాయి. తడిబట్టతో తుడిచాను. పచ్చదనం బట్టకు అంటలేదు. వేలితో నొక్కి వదిలాను, తెల్లగా కనిపించాల్సిన చోట నిమ్మపండు రంగు కనిపించింది. అది పసుపు కాదు, కామెర్లు. కనురెప్ప ఎత్తి చూశాను, తెల్లగుడ్డు కూడా పచ్చగానే ఉంది.

"ఆస్పత్రికి పోవాలి. ఇప్పుడే. చెప్పులు వెతకొద్దు," అన్నాను.

సరిగ్గా అప్పుడే అల్లుడు అన్నానికి వచ్చాడు. సగం మెట్ల మీద ఉండగా నా మాట విన్నాడు.

"ఏమైంది నా బిడ్డకు?"

కామెర్లు ముదిరాయని చెప్పాను. ఆలస్యమైతే మెదడుకు పాకుతుందని కూడా చెప్పాను. ఆ రెండో మాట రోడ్డు మీదకు వెళ్లాక చెప్పాల్సింది. ఆరేళ్ల అనుభవం ఉండీ మెట్ల దగ్గర చెప్పాను.

గొడవ విని బామ్మర్ది కింద నుంచి పరిగెత్తుకొచ్చాడు, మెడలో టేపుతో, చేతిలో గుడ్డ కొలిచే గజంబద్దతో.

"ఆరు దినాలు ఏం జేసిన్రు రా? గుడ్డలు కుట్టుకుంట కూసున్నవా?" అని అల్లుడు అతని కాలరు పట్టుకున్నాడు.

"బావా, చెయ్యి తియ్యి."

"తియ్యకపోతే?"

"తియ్యకపోతే నీకు గిదే కొలత!"

గజంబద్ద గాల్లోకి లేచింది. మొదటి దెబ్బ అల్లుడి భుజం మీద పడింది. రెండో దెబ్బకు ఏదో విరిగింది, బద్ద విరిగిందో భుజం విరిగిందో ఆ చప్పుడుకు తెలియలేదు. అల్లుడు తలతో బామ్మర్ది ముఖం మీద కుమ్మాడు. ముక్కు నుంచి రక్తం చొక్కా గుండీల మీదుగా కారింది. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని ఆ ఇరుకు మెట్ల మధ్యలో ఇరుక్కుపోయారు, పైకి రాకుండా, కిందికి పడకుండా. వాళ్ల మీద నుంచి చీమ కూడా దిగలేదు.

పైన నేను. నా చేతుల్లో పాప. నా వెనక, కుట్లు పట్టుకుని వంగి నిలబడ్డ తల్లి.

"తమ్మీ, జరుగురా! నీ కాళ్లు మొక్కుత! ఏమయ్యా, బిడ్డ సచ్చిపోతది, తొవ్వ ఇడువున్రి!"

వాళ్లకు వినబడలేదు. అల్లుడు బామ్మర్ది చెవి కొరికాడు. బామ్మర్ది అతని తలను గోడకేసి మూడు సార్లు కొట్టాడు, సున్నం రాలింది. పాప ఆ అరుపులకు కూడా కళ్లు తెరవలేదు. నన్ను భయపెట్టింది ఆ నిద్రే.

నేను పాపను గుండెకు అదుముకుని నడిమెట్టు దాకా దిగి, అల్లుడి నడుం మీద కాలు పెట్టి తోశాను. నా జీవితంలో నేను తన్నిన మొదటి మనిషి. వెంటనే ఎవరిదో పిడికిలి నా దవడకు తగిలింది. ఒక పన్ను కదిలింది.

"జరుగు సారు," అని వెనక నుంచి వినిపించింది.

అమ్మమ్మ. బాలింత స్నానానికని వావిలాకు వేసి మరిగించిన నీళ్ల గుండిగను చీర కొంగుతో పట్టుకుని మోసుకొస్తోంది. నేను పాపతో మళ్లీ పైకెక్కి గోడకు అంటుకున్నాను. ఆమె హెచ్చరించలేదు, బతిమాలలేదు. మెట్ల మీదకు కుమ్మరించేసింది.

ఆ కేకలు బేగంపేటలో ఆగి ఉన్న విమానాలకు కూడా వినిపించి ఉంటాయి. ఇద్దరూ కాళ్లు పట్టుకుని షాపులోకి దొర్లిపోయారు. కుట్టుమిషన్ పడింది, ఇస్త్రీపెట్టె పడింది. దారి తెరుచుకుంది. పొగలు కక్కుతున్న మెట్ల మీదుగా అమ్మమ్మ ఉత్త కాళ్లతో దిగింది, వెనక్కి చూడకుండా.

"రా సారు, రా. బిడ్డను జర పైకి పట్టుకో."

ఆటోలో పంజాగుట్ట చౌరస్తా దాటడానికి ఒక యుగం పట్టింది. సిగ్నల్ దగ్గర తల్లి ఆటో రేకును పిడికిలితో కొడుతూనే ఉంది. దిగాక చూస్తే వేళ్ల గణుపులు చిట్లి ఉన్నాయి. ఆస్పత్రిలో పాపను నీలం దీపాల కింద పడుకోబెట్టారు. ఇంకొక పూట ఆగి ఉంటే ఏమీ చెప్పలేకపోయేదాన్నని డాక్టరమ్మ నా ముఖం చూస్తూ అంది.

అల్లుడు కుంటుకుంటూ వచ్చాడు. నుదుటి మీద రక్తం ఎండిపోయి ఉంది. తిన్నగా అమ్మమ్మ దగ్గరికి వెళ్లాడు.

"పసుపు రాసి రాసి నీ కండ్లు మూసుకపోయినయా అత్తా? నా బిడ్డను సంపుతవా?"

రెండు చేతులతో తోశాడు. ఆమె తల గోడకు తగిలింది. ఆ చప్పుడు చిన్నదే. ఆమె గోడ పట్టుకుని కింద కూర్చుంది.

పాప బతికింది. ఆస్పత్రిలో చేరిన మూడో రోజుకు గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని వరండాలో బావా బామ్మర్దులు ఒకరినొకరు చూసుకోకుండా కళ్లు తుడుచుకున్నారు.

ఇక లెక్క. గజంబద్ద విరగడం నిజం. చెవి కొరకడం నిజం. కాకపోతే రెండు కుట్లే పడ్డాయి. నేను తన్నడం కూడా నిజమే, పన్ను మాత్రం అంతకుముందే కదులుతోంది. నీళ్లు మరగలేదు, బాగా కాగాయి. పాదాలు ఎర్రబడ్డాయి, బొబ్బలు లేవలేదు. వీటన్నిటినీ పెంచాను తప్ప కల్పించలేదు. కల్పించింది ఒక్కటే. పాప పుట్టిన మూడో రోజు ఆ ఇంట్లో జరిగిన మాటలు.

పచ్చగా ఉందేమిటని అడిగింది నేను కాదు. స్నానం పోస్తున్న అమ్మమ్మే చెయ్యి ఆపి, పాప ముఖం నా వైపు తిప్పి, "సారు, కండ్లు సుత జర పచ్చగ కొడుతున్నయి, చూడున్రి," అంది. నాకు ఇంకా రెండు ఇళ్లున్నాయి. వంగి కూడా చూడలేదు. "ఇంత పసుపు రాస్తే పచ్చగుండక ఏముంటదమ్మా, ఫికర్ చేయకు," అని నవ్వాను. నేను జోకులేస్తాను కదా. ఆమె కూడా నవ్వింది.

ఆస్పత్రిలో అల్లుడు తోసినప్పుడు ఆమె నా వైపు చూసింది. నేను బ్యాగు జిప్పు సర్దుకుంటున్నాను.

పాప ఇంటికొచ్చాక బరువు చూడటానికి వెళ్లాను. తల్లి లోపల నిద్రపోతోంది. అమ్మమ్మ నెత్తి మీద వాపు ఇంకా తగ్గలేదు. ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదమ్మా అని అడిగాను, గొంతు తగ్గించి.

ఆమె పాపను తువ్వాలులో చుట్టి తూకం మీద పెట్టింది.

"నువ్వే చెప్తవేమో అని చూసిన సారు," అంది.