పెద్దమ్మ చోటు మార్చిన రోజు

నా చిన్నప్పుడు, అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే అతికించి ఉండే రోజుల్లో, మా పక్క వాటాలో ఒక పెద్దమ్మ ఉండేది. మాకు చుట్టం కాదు. మేము కాకినాడ నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగిన రోజు పాలగిన్నె పట్టుకొచ్చి ఇచ్చింది, అప్పటి నుంచి నాకు పెద్దమ్మే. సనత్‌నగర్‌లో మీటర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో పని. సాయంత్రం వచ్చి టీ తాగి, గది మూలన ఉన్న రేడియో ముందు కూర్చునేది. పాటలు వచ్చే రేడియో కాదు అది. మైకులో మాట్లాడితే ఎక్కడో ఉన్న ఇంకో మనిషి జవాబిచ్చే రేడియో. అందుకు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. అలాంటివాళ్లను హ్యామ్‌లు అంటారని నాకు చెప్పింది తనే.

నాకప్పుడు పదకొండేళ్లు. బడిలో పరధ్యానం పిల్లనని పేరు. టీచరు ఒకటి అడిగితే నేను ఇంకొకటి చెప్పేదాన్ని, క్లాసంతా నవ్వేది. నిజానికి నాకు సగం మాటలే వినపడేవి. అందరికీ అంతేననీ, మిగతావాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి మిగిలిన సగం ఊహించుకుంటారనీ అనుకునేదాన్ని. అందుకే నేనూ పెదాలు చూసి ఊహించేదాన్ని. ఆ ఏడాది మార్కులు చూశాక, హైదరాబాదు చదువు దీనివల్ల కాదు, అమ్మమ్మ దగ్గరికి పంపించేద్దాం అని నాన్న అమ్మతో అనడం మాత్రం నాకు స్పష్టంగానే వినపడింది. ఆ మాట ఎవరికీ చెప్పకుండా లోపలే దాచుకుని తిరుగుతున్నాను.

ఏడాదికోసారి ఆ హ్యామ్‌లంతా కలిసి ఇంటి కరెంటు లేకుండా ఆరుబయట ఒక స్టేషన్ పెట్టేవాళ్లు. తుఫానో వరదో వచ్చి ఫోన్లు పోతే ఎలా మాట్లాడాలో అదొక సాధన. ఆ ఆదివారం పెద్దమ్మ నన్నూ తీసుకెళ్లింది. పంజాగుట్టలో ఒక కాలనీ పార్కు. వేపచెట్టు కొమ్మ నుంచి నీళ్ల ట్యాంకు దాకా తీగ కట్టారు. టార్పాలిన్ కింద రెండు బల్లలు, రేడియోలు, కారు బ్యాటరీ. ఫైళ్లు చంకలో పెట్టుకుని పోతున్న ఒక కుర్రాడు ఆగి, ఇదేం కోర్సని అడిగాడు. "గిది నేర్చుకుంటే నౌకరీ రాదు తమ్మీ. మనుషులతోని మాట్లాడొస్తది, గంతే" అంది పెద్దమ్మ.

నా పని రాయడం. ఇద్దరికీ ఒకటే హెడ్‌ఫోను. ఒక గిన్నె తన చెవికి, రెండోది నా ఎడమ చెవికి. అవతలి మనిషి చెప్పిన లైసెన్సు గుర్తు అక్షరాలు, పేరు, ఊరు నేను పుస్తకంలో ఎక్కించాలి. నాకు గరగర తప్ప ఏమీ తెలియలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. మైకులో జవాబిచ్చే పెద్దమ్మ పెదాలు చూస్తూ, తోచింది రాసుకుంటూ పోయాను.

మధ్యాహ్నానికి ముందు, ఆ హ్యామ్‌లలో ఒక అన్న పుస్తకం చూసి నుదురు చిట్లించాడు. "గీయన నాకు ఎరుకే పెద్దమ్మా, బెంగళూరాయన. గీయన పేరే మూడు తీర్ల రాసుంది. తక్కినయి సుత తప్పున్నయ్."

నేను తల వంచుకున్నాను. "నేనే తొందరల సరిగ్గ చెప్పలే. నువ్వు పోయి అందరికి చాయ్ పట్కరా" అని పెద్దమ్మ అతన్ని పంపేసింది. తర్వాత నన్ను కళ్లు మూసుకోమంది. ఎడమ చెవికి గిన్నె ఆనించి, చుక్కలూ గీతలూ కొట్టే మోర్స్ మీట నొక్కినప్పుడల్లా కూత వినపడుతుందని, వినపడితే చెయ్యెత్తమని చెప్పింది. నేను కాస్త కాస్త ఆగి, నాలుగుసార్లు ఎత్తాను.

"నేను మీట ముట్టనే లేదు బిడ్డా" అంది.

నాకు ఏడుపొచ్చింది. తను ఓదార్చలేదు. లేపి, కుర్చీ తనకు అవతలివైపు వేసి, కుడి చెవికి గిన్నె ఆనించింది. ఎవరో ఒకాయన అక్షరం అక్షరం విడదీసి చెబుతున్నాడు. మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఇంకొకాయన, ఊరి పేరు అందలేదు, మళ్లీ చెప్పండి అని మూడుసార్లు అడిగాడు. మొదటాయన మూడుసార్లూ చెప్పాడు.

"అడుగుతున్నాయన ఇరవై ఏండ్ల సంది రేడియోల ఉన్నడు. వినపడకుంటే ఎట్ల అడుగుతుండో చూడు. తుఫాన్ల ఒక ఊరి పేరు ఊహించి రాసినమనుకో, పడవ ఇంకో ఊరికి పోతది."

భోజనాలయ్యాక మళ్లీ పుస్తకం నాకే ఇచ్చింది. కాసేపటికి చాలా సన్నటి గొంతు ఒకటి వచ్చింది. పెన్ను కాగితం మీద పెట్టి ఆగిపోయాను. "నాకు వినపడలేదు పెద్దమ్మా" అన్నాను. అలా అనడం నా జీవితంలో అదే మొదటిసారి. తను మైకులో మళ్లీ అడిగింది, అవతలాయన నిదానంగా మళ్లీ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం పెద్దమ్మ మా ఇంట్లో కూర్చుని నాన్నతో చాలాసేపు మాట్లాడింది. ఆ వారంలోనే నాన్న నన్ను లక్డీకాపూల్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పసితనంలో చీము పట్టి ఎడమ చెవి పాడైందని, అది పూర్తిగా బాగుపడదని చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న నా ఎడమవైపు కూర్చున్నాడు. దిగేముందు లేచి, నా కుడివైపుకి వచ్చి కూర్చుని, "నిన్నెక్కడికీ పంపనమ్మా" అన్నాడు. నేను మొదటిసారికే విన్నాను. అయినా ఇంకోసారి చెప్పించుకున్నాను.

ఇప్పుడు నేను ఐదో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చే పిల్లలు ఏటా ఒకరిద్దరు ఉంటారు. చాలామందికి చెవులు బాగానే ఉంటాయి, నిజంగానే పరధ్యానం. అయినా కోప్పడేముందు బెంచీకి అటువైపు వెళ్లి నిలబడి, అదే ప్రశ్న ఇంకోసారి మెల్లగా అడుగుతాను.