ఆరో కేసెట్ తర్వాత

ఆ మంగళవారం ఉదయం, ముందురోజు నేనే రాసిన దస్తావేజును నేనే చదవలేకపోయాను.

నేను అద్దంకిలో దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో, కోటేశ్వరరావు గారి పక్కన నా బల్ల. పొలాల క్రయ దస్తావేజులు, అన్నదమ్ముల భాగపరిష్కారాలు రాయడం, రాసినదాన్ని వేలిముద్ర వేసేవాళ్లకు చదివి వినిపించడం నా పని. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా అదే చేస్తున్నాను.

ఆ రోజు కాగితం చేతిలోకి తీసుకుంటే గీతలు కనిపించాయి. నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. కానీ అవి అక్షరాలని అనిపించలేదు. ఇంకేదో భాషలో కాగితం పెట్టి కోటేశ్వరరావు గారు తమాషా చేస్తున్నారనుకున్నాను. ఆయన తీసుకుని గడగడా చదివేశారు.

"మీ చేతిరాతే కదా వలీ గారూ, ఏవైందండీ?" అన్నారు.

కళ్లు మసకలయ్యాయేమో అన్నాను. లేచి వస్తుంటే కుడి భుజం స్తంభానికి కొట్టుకుంది. స్తంభం అక్కడ ఉన్నట్టే తెలియలేదు. తిన్నగా కళ్లద్దాల షాపుకు వెళ్లాను. అతను చార్టు చూపించి చదవమన్నాడు. ఏ వరుసా చదవలేదు. అద్దాలు మార్చి మార్చి చూసి, "పవర్ ఏం మారలేదండీ. కొంచెం రెస్ట్ తీసుకోండి" అన్నాడు. నేను ఇంటికి వెళ్లి పడుకున్నాను. అలా ఒక రోజు పోయింది. ఆ రోజు పోకూడదని తర్వాత తెలిసింది.

మర్నాడు మా ఆవిడ ఖాసింబీ నన్ను గుంటూరు తీసుకెళ్లింది. కళ్ల డాక్టరు చూసి న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు. సీటీ స్కాన్ తీశారు. ఫిల్మును లైటు మీద పెట్టి, మెదడు వెనక భాగంలో ఎడమవైపు ఒక మచ్చ చూపించి, "ఇన్‌ఫార్క్ట్. స్ట్రోక్ వచ్చింది. బీపీ ఎన్నాళ్లుగా ఉంది?" అన్నారు డాక్టరు గారు. ఉందనే నాకు తెలియదు.

తర్వాత ఆయన ఒక తెల్లకాగితం ఇచ్చి, "రాయండి. ఈ రోజు ఎండ ఎక్కువగా ఉంది" అన్నారు. రాశాను. దాన్ని బోర్లించి, నాలుకా చేతులూ చూసి, రెండు నిమిషాలయ్యాక తిప్పి నా ముందు పెట్టారు.

"ఏం రాసుంది?"

"తెలియదండీ."

"మీరే రాశారు."

ఖాసింబీ ఆ కాగితం వంక, నా వంక చూసింది. డాక్టరు గారు మాత్రం నింపాదిగా చెప్పారు. "దీన్ని అలెక్సియా అంటారు. కళ్లు బాగున్నాయి. చెయ్యి బాగుంది. చూసిన అక్షరం లోపల చదువు ఉండే చోటికి వెళ్లే దారి తెగింది. కుడివైపు చూపు కూడా సగం పోయింది, అందుకే గుద్దుకుంటున్నారు."

"తిరిగొస్తుందా సార్?" అని మా ఆవిడ అడిగింది.

"కొంత రావచ్చు. ఎంతని చెప్పలేను. ఇంకో స్ట్రోక్ రాకుండా చూసుకోవడం ముఖ్యం."

నాకు ఏమీ అనిపించలేదు. బాత్రూం ఎటువైపని నర్సును అడిగాను. అంతే గుర్తుంది.

ఆస్పత్రిలో అయిదు రోజులు ఉంచి పంపించారు. బీపీకి ఒకటి, రక్తం పలచబడటానికి ఒకటి, కొలెస్ట్రాల్‌కి ఒకటి టాబ్లెట్లు. స్ట్రిప్పుల మీద పేర్లు చదవలేను కాబట్టి ఖాసింబీ వాటిని వేర్వేరు డబ్బాల్లో పెట్టింది. పొద్దున్నది స్టీలు డబ్బా, సాయంత్రానిది ప్లాస్టిక్ డబ్బా. నేను పెట్టింది తినేవాణ్ణి, ఇచ్చింది మింగేవాణ్ణి. షెడ్డుకు వెళ్లడం మానేశాను. రాయగలను. కానీ రాసింది చదివి వినిపించలేని లేఖరి ఎవరికి కావాలి? చూడటానికి వచ్చినవాళ్లు, "పైకి ఏవీ తెలియట్లేదే, బానే ఉన్నావే" అనేవారు. అవునండీ అనేవాణ్ణి.

రెండో నెలలో ఒక ఉదయం మొహం కడుక్కుంటూ పడిపోయాను. ఫిట్స్. మళ్లీ గుంటూరు, మళ్లీ స్కాన్. "స్ట్రోక్ అయినచోట మచ్చ ఉంటుంది కదా, దానివల్ల సీజర్ వచ్చింది. భయం లేదు" అని ఇంకో టాబ్లెట్ కలిపారు. ఆ టాబ్లెట్ మొదలుపెట్టాక ఒళ్లంతా దూది కూరినట్టు ఉండేది. ఆ రోజుల్లోనే మా చిన్నాయన కాలం చేశారు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. జనాజా వెంట నడిచాను, మట్టి వేశాను. కన్ను తడి కాలేదు. ఎందుకు కాలేదని కూడా అనుకోలేదు. ఆ సంగతి డాక్టరు గారితో ఖాసింబీ చెప్పింది, నేను కాదు.

నాలుగో నెల చెకప్‌కు వెళ్లినప్పుడు ఓపీ హాల్లో నా పక్కన ఒకాయన కూర్చున్నారు. నల్లకళ్లద్దాలు, మడతపెట్టిన తెల్లకర్ర. తలనొప్పికి చూపించుకోవడానికి వచ్చారట.

"మీ నంబరు ఎంతండీ?" అన్నారు.

"ఖాసింబీ, ఎంత?" అన్నాను నేను. పదిహేడంది.

"నాది పద్దెనిమిది. మీరు లేచినప్పుడు ఒక మాట చెప్పండి. నాకు కనపడదు."

"నాకు కనపడుతుందండీ. చదవడం రాదు."

"చదువుకోలేదా?"

"చదువుకున్నానండీ. పోయింది."

ఆయన కర్రను ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగారు. తర్వాత, "నాకు పుట్టుకతోనే చూపు లేదు. కానీ పుస్తకాలు బాగా చదివాను. మీరు నవలలు చదివేవారా?" అన్నారు. షెడ్డులో పని లేనప్పుడు శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదివేవాణ్ణని చెప్పాను. "అయితే మా ఇంటికి రండి. నల్లపాడే" అన్నారు.

ఆయన పేరు సుందరరావు మాస్టారు. స్కూల్లో సోషల్ చెబుతారు. ఇంట్లో ఒక గోడ పొడవునా కేసెట్లు. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు, ఆయన కోసం, ఆయనలాంటివాళ్ల కోసం పుస్తకాలు పూర్తిగా చదివి రికార్డు చేసినవి. పుస్తకాన్ని అలా వినవచ్చని నాకప్పటిదాకా తెలియదు. కేసెట్ మీద పేర్లు నేనూ చదవలేను కాబట్టి, మొదటిదానికి ఒక రబ్బరు బ్యాండు, రెండోదానికి రెండు, అలా చుట్టి ఇచ్చారు.

ఆ మొదటి పుస్తకం నాకు సయించలేదు. చదివినాయన నాటకాల మనిషి కాబోలు, ఆడవాళ్ల మాటలు సన్నగా, దొంగల మాటలు లావుగా చదివాడు. ఒక వైపు పూర్తయ్యేసరికి నిద్రపోయాను. వారం తర్వాత తిరిగి ఇచ్చేస్తూ, "ఇది నా వల్ల కాదండీ" అన్నాను.

"పుస్తకం నచ్చలేదా, గొంతు నచ్చలేదా?"

ఆలోచించాను. చాలా రోజులకు నన్నెవరో ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్న అడిగారు. "గొంతు" అన్నాను.

"అయితే గొంతు మారుద్దాం" అని ఇంకో కట్ట ఇచ్చారు. "ఒక వైపు వినగానే ఆపేయండి. విన్నది ఎవరికైనా చెప్పండి. చెప్పకపోతే నిలవదు. నా అనుభవం అది."

ఈసారి చదివినావిడ రిటైరయిన లెక్చరరట. మామూలుగా చదివారు, పక్కింటావిడతో మాట్లాడినట్టు. పేజీ తిప్పిన చప్పుడు వినిపించేది. ఒకచోట దగ్గు వచ్చి, "క్షమించండి" అని నీళ్లు తాగి మళ్లీ అందుకున్నారు. ఇంకోచోట వెనక కుక్కరు కూత. కథలో రత్తమ్మ అనే ఆవిడ ఒక రైల్వే జంక్షన్‌లో భోజనాల హోటలు నడుపుతుంది. అక్కడ తినే ఒక గార్డు బదిలీ మీద వెళ్తూ, "మళ్లీ వస్తాను" అని తాళం వేసిన రేకుపెట్టె ఆమె దగ్గర ఉంచి వెళ్తాడు. ఏడాదవుతుంది, రాడు. రత్తమ్మ తమ్ముడు పెట్టె పగలగొట్టమంటాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖాసింబీ వసారాలో మిరపకాయలకు తొడిమలు తీసేది. నేను లోపల ఒక వైపు విని, బయటికొచ్చి ఆమెకు చెప్పేవాణ్ణి. మొదట్లో పేర్లు కలిసిపోయేవి. "నిన్న తమ్ముడని చెప్పి ఇవాళ మరిదంటారేంటి?" అని ఆమె సరిచేసేది. వెనక్కి తిప్పి మళ్లీ వినేవాణ్ణి.

"పెట్టె తెరవకూడదండీ. నమ్మి పెట్టి వెళ్లాడు" అంది ఒకరోజు.

"ఏడాదైంది. తెరిస్తే తప్పేంటి? లోపల ఏవుందో ఎవరికి తెలుసు?"

"తెలియకపోతే మాత్రం? మన ఇంట్లో ఎవరైనా పెడితే మీరు తెరుస్తారా?"

"ఇది వేరు, అది వేరు" అని గట్టిగా అరిచాను. ఆమె చేతులు ఆపి నన్ను చూసింది. జబ్బు చేశాక నేను గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఆరో కేసెట్ చివర రత్తమ్మ సుత్తి చేతిలోకి తీసుకుంది. టేపు అయిపోయింది. ఏడు రబ్బరు బ్యాండ్ల కేసెట్ కట్టలో లేదు.

"వెళ్లి తెచ్చుకోండి" అంది ఖాసింబీ. ఆ వారం ఆమె అక్క జ్వరంతో ఉంది, వదిలి రాలేనంది. "ఒక్కరే వెళ్లొస్తారా?" అని మెల్లగా అడిగింది. వెళ్తానన్నాను.

అద్దంకి బస్టాండులో బస్సులన్నింటికీ బోర్డులున్నాయి. నాకు అవన్నీ ఒకటే. తెల్లచొక్కా, జేబులో పెన్ను, అలా చాలాసేపు నిలబడ్డాను. చివరికి తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయనను అడిగాను. "గుంటూరు బస్సు ఏదండీ?"

"చదువుకున్నోడివిలా ఉన్నావే, బోర్డు కనపట్లా?"

"చదవడం రాదు" అన్నాను. బయట మనిషితో, మా ఊళ్లో, ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు.

"నాకూ రాదులే" అన్నాడు ఆయన, సిగ్గేమీ లేకుండా. "కండక్టరు అరుస్తాడుగా, ఇనుకో. ఎక్కాక ఇంకోసారి అడుగు. మేవంతా అట్టా తిరగట్లా?" ఇద్దరం కలిసే ఎక్కాం. ఆయన చిలకలూరిపేటలో దిగిపోయాడు. నా బల్ల ముందు ఇలాంటి మనుషులు వందలమంది కూర్చున్నారు. వాళ్లు బస్సెలా ఎక్కుతారో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

గుంటూరులో దిగి ఆటోలో నల్లపాడు వెళ్లాను. మాస్టారు తలుపు తీశారు. ఏడో కేసెట్ కావాలన్నాను.

"లేదండీ. ఆరే ఉన్నాయి. మిగతాది చదవకముందే ఆవిడ వాళ్ల అమ్మాయి దగ్గరికి వెళ్లిపోయారు. ఎక్కడున్నారో తెలియదు. రెండేళ్లుగా ఆ పెట్టె నాకూ తెరుచుకోలేదు."

"చెప్పకుండా ఇచ్చారేంటండీ?" అన్నాను. నిజంగా కోపం వచ్చింది.

"చెబితే మీరు మొదలుపెట్టేవారు కాదు" అన్నారు. తర్వాత, "మీ ఇంట్లో కళ్లున్నవాళ్లు ఉన్నారు కదా" అన్నారు. రెండు ఖాళీ కేసెట్లు చేతిలో పెట్టారు.

పుస్తకం పేరు చెబితే మా శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ వెతికి తీసిచ్చాడు. ఖాసింబీ ఏడో తరగతి దాకా చదివింది. "నేనా? నా గొంతు ఎవరో ఇనడవేంటి?" అని రెండు రోజులు ఆ పుస్తకం ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున వంటయ్యాక వచ్చి, తలుపు వేసి, టేప్‌రికార్డరు ఎర్రబటను నొక్కింది.

కూడబలుక్కుంటూ చదివింది. పెద్ద మాట వస్తే బటను ఆపి, "ప కింద ర వత్తు, త కింద య వత్తు, తర్వాత క కింద..." అని అక్షరాలు చెప్పేది. "ప్రత్యక్షం" అనేవాణ్ణి నేను. అక్షరం నా దగ్గర లేదు, మాట ఉంది. ఆమె దగ్గర అక్షరం ఉంది. రోజుకు నాలుగైదు పేజీలు సాగేవి. మూడు వారాలు పట్టింది.

రత్తమ్మ తాళం పగలగొట్టింది. పెట్టెలో పాత కంబళి, దాని కింద రెండు ఇటుకలు. బరువుగా ఉంటే తిరిగి వస్తాడని రత్తమ్మ నమ్ముతుందని గార్డు పెట్టాడు. అది చదివి ఖాసింబీ ఆగిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది. తర్వాత రత్తమ్మ ఆ ఇటుకలను పొయ్యి పక్కన పెట్టుకుంటుంది. కథ అక్కడితో ముగుస్తుంది.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఆమె చూసింది. నాకు ఆకలి వేసింది. ఏడు నెలలుగా గడియారం చూసి తింటున్నవాణ్ణి, అన్నం పెట్టమని అడిగాను.

కేసెట్లు మాస్టారికి పంపించాం. పది రోజులకు రెండోది తిరిగొచ్చింది, ఖాళీగా మిగిలిన వైపు ఆయన మాట్లాడి పంపారు. "ఖాసింబీ గారూ, ఇటుకలని నేననుకోలేదండీ. రెండేళ్లు ఉత్తరాలు ఉంటాయనుకున్నాను. మీరు చదువుతూ చదువుతూ ఆగారు చూశారా, అక్కడ నేనూ ఆగాను. ఇంకో పుస్తకం చదివి పెడతారా?" ఆ వైపును ఆమె మూడుసార్లు విన్నది. నా ముందు కాదు.

ఇది జరిగి ఏడేళ్లయింది. ఇప్పుడు కేసెట్లు పోయాయి, పుస్తకాలు ఫోనులో మెమరీ కార్డు మీద వస్తున్నాయి. ఖాసింబీ పదకొండు పుస్తకాలు చదివింది. మాస్టారి స్నేహితులు ఆమెను మేడమ్ అంటారు. నేను మళ్లీ షెడ్డుకు వెళ్తున్నాను. నేను రాస్తాను, కోటేశ్వరరావు గారు చదివి వినిపిస్తారు. ఫిట్స్ మళ్లీ రాలేదు. కుడివైపు చూపు రాలేదు, రాదన్నారు. అక్షరాన్ని వేలితో అరచేతిలో గీసుకుంటే ఏదో తెలుస్తుంది. అలా పొద్దున పేపర్లో నాలుగు హెడ్డింగులు చదువుతాను. మనసు మునుపటిలా అయిందని చెప్పను. చాలా రోజులు ఇప్పటికీ చప్పగానే గడుస్తాయి. మధ్యాహ్నం రెండున్నరకు, పుస్తకం వినే వేళకు మాత్రం నిన్న ఆపినచోటు గుర్తొస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా చదువు ఇలా పోతే, పుస్తకాలు వినిపించి చూడండి. మొదటిది నచ్చలేదంటే అంతటితో వదిలేయకండి. పుస్తకం నచ్చలేదా, గొంతు నచ్చలేదా అని అడగండి. గొంతైతే, ఇంకో గొంతు వెతకండి.