మావయ్యగారి ముడి

కోత మిషన్లు ముమ్మిడివరం వైపు వచ్చిన కొత్తలో మా మావయ్యగారు పంజాబు నుంచి పాత గడ్డికట్టల మిషను ఒకటి తెప్పించారు. చేలో గడ్డిని లాక్కుని, నొక్కి, పెట్టెల్లాంటి కట్టలుగా దారంతో కట్టి వదిలే యంత్రమది. పాలిటెక్నిక్ చదివినవాణ్ణని రిపేరు నాకు అప్పగించారు. ముడివేసే కొక్కెం మార్చాను, దాని స్ప్రింగు బిగించాను, దారం తెంచే కత్తికి పదును పెట్టాను. ముళ్లు చక్కగా పడ్డాయి.

మావయ్యగారికి ఏ ముడినైనా లాగి చూసే అలవాటు. పడవ తాడైనా సరే, పెళ్లిపందిరి తాడైనా సరే.

ఆ రోజు దాళ్వా పంట గడ్డి కొన్న డెయిరీవాళ్ల లారీ గట్టు మీద ఉంది. ఆకాశం నల్లబడుతోంది. కట్టలు తడిస్తే వద్దని వాళ్లు ముందే చెప్పారు. మావయ్యగారు మొదటి కట్ట ముడి లాగి చూసి, విప్పేశారు.

"బాగానే ఉంది కదండీ?" అన్నాను.

"ఆయ్, బాగుంది. వేసిందెవరో తెలీని ముడిని ఎలా నమ్ముతాంరా?"

విప్పగానే కట్ట ఉబ్బిపోయి దారం కొసలు అందలేదు. ఇద్దరం దానిమీద కూర్చుని అణిచాం. ఆయన వంగి ముడి వేశారు. తన ముడి పడనిదే ఒక్క కట్టనీ లారీ ఎక్కనివ్వలేదు.

"మీరే కూర్చుని కట్టేదానికి మిషనెందుకండీ?" అన్నాడు డ్రైవరు.

"కట్టడానికేనండి. ఈ ముడి నమ్మకానికి."

వాన దిగింది. ఎక్కిన నాలుగు కట్టల మీద టార్పాలిన్ కప్పుకుని డ్రైవరు వెళ్లిపోయాడు. చేనంతా కట్టలు నానుతున్నాయి. మావయ్యగారు ఐదో కట్ట మీంచి లేచి, మేం కూర్చున్న చోటు తడిమి చూశారు.

"చూసేవా? మనం కూర్చున్న మేర చుక్క తడవలేదు. మిషనుకి కూర్చోడం వచ్చా?"