తాళంచెవి కంటే ముందొచ్చినవాళ్లు

ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకాలు రెండుండేవి. ఒకటి, నేను చాలా తెలివైనవాణ్ణి. రెండు, మా మేనేజర్ గారు కాదు. డిగ్రీ అవగానే గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. తొడిమలు తీసే ఆడవాళ్లు, హమాలీలు కలిపి నూట ఇరవై మంది ఎవరు ఎన్నింటికి వచ్చారో వాచ్‌మన్ కాగితం మీద రాసిస్తాడు. నేను తుమ్ముకుంటూ (ఆ ఘాటుకి గోడలు కూడా తుమ్మాలి) ఉద్యోగుల డేటాబేస్‌లో ఎక్కించాలి. రోజూ అవే పేర్లు. నెల తిరిగేసరికి విసుగెత్తి చిన్న ప్రోగ్రాం రాసేశాను. బటన్ నొక్కితే అందరూ తొమ్మిదింటికి వచ్చినట్టు అదే ఎక్కించేది. రానివాళ్ల పేర్లు మాత్రం నేను తీసేసేవాణ్ణి. కాగితాలేమో క్యాంటీన్‌లో బజ్జీల పొట్లాలకి వెళ్లిపోయేవి.

మేనేజర్ గారిని చాటుగా ‘సీసీ కెమెరా’ అనేవాళ్లం. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారని, నవ్వకపోతే ఏం దాస్తున్నారని ఆయనకి అనుమానం. పదింటికల్లా నేను ఖాళీగా కనబడితే ఊరుకుంటారా? రికార్డు తెరిపించి, “ఏమయ్యా, నూట ఇరవై మంది ఒకే నిమిషంలో ఎట్టా వచ్చారు? మన గేటు అంత వెడల్పుందా?” అన్నారు. “సర్వర్ సర్దుకుంటోందండీ” అన్నాను. (దానర్థం ఏమిటో నాకూ తెలియదు.) మర్నాడే ప్రోగ్రాం మార్చి, ఒక్కొక్కరికి తొమ్మిదికి అటూ ఇటూగా తోచిన నిమిషం అదే వేసుకునేలా చేశాను. ఆపైన మధ్యాహ్నం దాకా ఉత్తుత్తినే కీబోర్డు టకటకలాడించేవాణ్ణి.

వారం తిరక్కుండా మేస్త్రమ్మకి పిలుపొచ్చింది. తొడిమల షెడ్డులో ఆడవాళ్లందరికీ పెద్ద ఆవిడే. “వారంలో నాలుగు రోజులు లేటు. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా? రేపట్నుంచి నువ్వు మేస్త్రివి కాదు” అన్నారు మేనేజర్ గారు. పక్క బల్ల దగ్గర నా టకటక ఆగిపోయింది.

ఆమె కొంగు బిగించి, “ప్రభువు సాక్షిగా చెబుతున్నానండి, ఎనిమిదిన్నరకల్లా ప్రార్థన చేసుకుని షెడ్డు తీసేది నేనే. తాళంచెవి నా కాడే ఉంటది. నేను లేటైతే నాకన్నా ముందు షెడ్డులోవాళ్లంతా లోపలికెట్టా వచ్చారండి?” అంది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. మేనేజర్ గారి కళ్లు మెరిశాయి. “అయితే ఇంకో తాళంచెవి ఉందన్నమాట! ఎవరికిచ్చావ్?”

“ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నానండీ...” అంటూ ఆమె తాళంచెవి తీసి ఆయన బల్ల మీద పెట్టేసింది. నాకు సిగ్గుతో చెవులు మండాయి. లేచి నిలబడి, బటన్ దగ్గర్నుంచి బజ్జీల పొట్లాల దాకా మొత్తం చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఇందులో ఇంకెవరెవరు ఉన్నారు?” అన్నారు.

మేస్త్రమ్మ పని నిలబడింది. ఆవిడే బతిమాలడంతో నా ఉద్యోగమూ నిలబడింది, మళ్లీ చేత్తో ఎక్కించాలనే షరతు మీద. ఆమెకి అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. రోజూ పొద్దున్నే నా కుర్చీ వెనక నిలబడి, “ఎనిమిదీ ఇరవై ఎనిమిది రాయి బాబూ. ఏదీ, చూపించు” అని తెర మీద వేలుపెట్టి సరిచూసుకున్నాకే షెడ్డుకెళ్లేది.

ఇప్పుడు మంగళగిరిలో మా ఆఫీసు గుమ్మంలో మొహం చూపిస్తే చాలు, మిషనే హాజరు వేసేసుకుంటుంది. అయినా తెర మీద నా పేరు పక్కన టైము కనబడేదాకా కదలను. “మిషన్ మీద నమ్మకం లేదా సార్?” అని వెనక కుర్రాళ్లు నవ్వుతారు. మిషన్ మీద ఉందిరా నాయనా, దానికి ప్రోగ్రాం రాసినవాడి మీదే లేదు. వాడు నాకు బాగా తెలుసు.