బయ్యారం బీడులో ఎర్ర జెండాలు

భూపాలపల్లి దగ్గర ఒక గడ్డి బీడులో నిరుడు నేల ఆర్కిడ్లు చూశాను. ఈ వానాకాలం మళ్లీ వెళ్లేసరికి అక్కడ పత్తి చేను ఉంది. కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. అందుకే బయ్యారం వైపు గుట్ట కింది బీడులో అవే పూలున్నాయని పాత విద్యార్థిని ఒకామె ఫోటో పంపగానే, వీటిని పోగొట్టుకునేది లేదని గట్టిగా అనుకున్నాను. నేను జనగామలో వృక్షశాస్త్రం పాఠాలు చెబుతాను. దసరా సెలవులిచ్చిన మర్నాడే బయలుదేరాను.

ఉదయం ఏడు గంటలకు జనగామలో రైలెక్కాను. జనరల్ పెట్టెలో కిటికీ సీటు దొరకడం నా అదృష్టం, దాన్ని కాజీపేట దాటేదాకా నిలబెట్టుకోవడం నా మొండితనం. సంచిలోంచి పొడుచుకొచ్చిన ఎర్రగుడ్డ జెండాలను చూసి పక్కనున్న పెద్దావిడ అడిగింది.

"ఏ పార్టీ మీటింగు బిడ్డా?"

"పూల మీటింగు అవ్వా."

"మంచిగనే ఉన్నది. బిర్యానీ పెడ్తరా?"

మహబూబాబాద్‌లో, అంటే అక్కడివాళ్ల మానుకోటలో, దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని, లాడ్జిలో బట్టల సంచి పడేసి బయ్యారం బస్సెక్కాను. అక్కడినుంచి బీడు పక్కనున్న లంబాడీ తండాకు ఆటో. వెళ్లదలచినవాళ్లు ఆటో నిండేదాకా ఓపిక పట్టాలి, తిరుగు ప్రయాణానికి ముందే మాట్లాడుకోవాలి.

బీడు తండావాళ్లందరిదీ. వానలు పడ్డాక పశువులను రానివ్వరు. దసరా తర్వాత ఇంటికింత వాటా వేసుకుని గడ్డి కోస్తారు. మోకాలెత్తు గడ్డిలో నా పూలు కనిపించగానే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. కాడ కొసన తెల్లటి పూలు, కింద పచ్చి కాయలు. కాయ ఎండి పగిలితే ధూళిలాంటి విత్తనం గాలికి పోతుంది. దానికి దీపావళి దాటాలి. అంతకుముందే కొడవలి తగిలితే ఈ ఏటి విత్తనం లేనట్టే. బీడుకు కాపలా ఉండే లచ్చి అనే ఆమెను, పూలు చూసుకుంటానని అడిగితే తలూపింది. గడ్డి కోసేవాళ్లకు గుర్తుగా మొక్క మొక్కకూ ఒక జెండా పాతి, సాయంత్రం హాయిగా లాడ్జికి చేరాను.

మర్నాడు ఎనిమిదింటికి వెళ్తే జెండా ఒక్కటీ నిలబడి లేదు. అన్నీ పీకి గట్టు మీద కుప్ప పోశారు. పక్కనే నాగలి తగిలించిన ట్రాక్టరు గుర్రుమంటోంది. లచ్చి నా మీదికొచ్చింది.

"గియ్యెందుకు పాతినవ్? ఇనుప రాయి తవ్వుడు కోసమా, ఫారెస్టోళ్ల కందకం కోసమా? పక్క ఊర్ల గిట్లనే ఎర్రగుడ్డలు కట్టిన్రు, ఎన్కనే కొలిసి గుంజుకున్నరు. మా భూమి సాగుల ఉన్నదని సూపెట్టాలె. ఇయ్యాల్నే దున్నుతం."

కాపాడబోయిన పూల మీదికి ట్రాక్టరును తెచ్చింది నేనే. అవి పూల గుర్తులని చెప్పాను, ఫోన్‌లో ఫోటోలు చూపించాను. ఆమె ఫోన్ వైపు చూడనేలేదు.

"సరే. రేపు సర్కారోళ్లు గీ బీడు అడగరని మాటిస్తవా?"

ఇస్తానంటే ట్రాక్టరు ఆగుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఇయ్యలేనక్కా, అది నా చేతుల లేదు" అన్నాను. "గని దున్నితే గీ పూలు మల్ల రావు. మీరు ఏటేటా గడ్డి కోస్తున్నరు గనకనే ఇవి బతుకుతున్నయ్. లేకుంటే కంప కమ్మేస్తుండె. గదే రాస్త, ఎవ్వలడిగినా ఒచ్చి చెప్త."

లచ్చి అక్కడ చేరిన తండా ఆడవాళ్లతో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్కా అర్థంకాక నేను చెమట తుడుచుకుంటూ కూర్చున్నాను. చివరికి ట్రాక్టరు ఆపమని చెయ్యెత్తింది.

"గిప్పటిదాక ఒచ్చినోళ్లంత మాటిచ్చినోళ్లే. ఇయ్యలేనన్నది నువ్వొక్కదానివే. దున్నం. పూలకాడి గడ్డి దీపావళి ఎల్లినంక కోస్తం. గని నీ జెండాలు తీస్కపో."

గుర్తు లేకపోతే కోసేవాళ్లకు ఎలా తెలుస్తుందని అడిగాను. వాళ్లు రేగు కంప కొట్టుకొచ్చి పూల చుట్టూ పరిచారు. కంప వేసినచోట ఎవరూ కొడవలి పెట్టరు, పశువూ మూతి పెట్టదు. నేనూ పరిచాను, చేతులు గీరుకుపోయాయి.

మూడింటి బస్సుకు మానుకోట చేరి, సాయంత్రం రైలెక్కాను. ఈ బీడుకు కంచె వేయించి తాళం పెట్టించాలని ఇంటి దగ్గర అనుకుని బయలుదేరినదాన్ని. తాళం పడితే గడ్డి కోసేవాళ్లు రారు, గడ్డి కోయని చోట ఆ పూలూ ఉండవు. భూపాలపల్లిలో పూలను చూశానే కానీ, ఆ బీడు ఎవరిదని ఒక్కసారీ అడగలేదు. ఇక్కడికి వెళ్లదలచినవాళ్లు ముందు తండాలో అడిగి, ఆ తర్వాతే గడ్డిలో కాలు పెట్టండి. దీపావళి దాటాక కోతకు నన్నూ రమ్మంది లచ్చి. కొడవలి మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట. జనగామలో దిగగానే ఒకటి కొన్నాను.